ఫిల్లబుల్ పీడీఎఫ్ ఫారాలు: డిజైన్ సాఫ్ట్‌వేర్ మారేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్లబుల్ పీడీఎఫ్ అంటే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెరిచి నేరుగా నింపగలిగే ఫారం. పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వదిలి కొత్తదైన ఇన్‌డిజైన్‌కు వచ్చినవాళ్లు, పీడీఎఫ్ ఫారాలు చేసే లైవ్‌సైకిల్ డిజైనర్ ఆగిపోయి ఇబ్బంది పడుతున్నవాళ్లు, ఏటా చందా కట్టలేక ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నవాళ్లు అడిగేవి దాదాపు ఒకే సందేహాలు. స్కూళ్లు, సొసైటీలు, ట్రస్టుల దరఖాస్తు ఫారాలు చేస్తూ నేను నేర్చుకున్నదంతా ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మారే ముందు

పాత ఫైలు కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ అయింది. ఇక ఫారం వచ్చేసినట్టే కదా?

కాదు. కంటికి కనిపించే గీతలు, లోగో, "తండ్రి పేరు" అన్న అక్షరాలు పేజీలో భాగం. టైప్ చేయడానికి వీలిచ్చే ఫీల్డ్ ఆ పేజీ మీద విడిగా ఉంటుంది. ప్రతి ఫీల్డ్‌కూ లోపల ఒక పేరు, ఒక రకం, ఎన్ని అక్షరాలు పట్టాలన్న హద్దు, తేదీ రూపం, లెక్కల స్క్రిప్టు, తప్పనిసరా కాదా అన్న గుర్తు ఉంటాయి. ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారినప్పుడు మామూలుగా పేజీ మాత్రమే వస్తుంది. గడులు కనిపిస్తాయి కాబట్టి అంతా వచ్చిందనుకుంటాం. నిజానికి అవి ఉత్త గీతలు.

ఫారం నింపేవాళ్లకు డిజైనే ఫారం. దాన్ని అందుకుని డేటా తీసే ఆఫీసుకు మాత్రం ఫీల్డ్ పేర్లే ఫారం. డిజైన్ పాడైతే ఒక పూటలో మళ్లీ గీసుకోవచ్చు. పేర్లు పోతే పాత దరఖాస్తులకూ కొత్తవాటికీ లంకె తెగిపోతుంది.

మా ఫారం ఏ రకందో ఎలా తెలుస్తుంది?

పీడీఎఫ్ ఫారాల్లో రెండు జాతులున్నాయి. మొదటిది అక్రోఫారం. 1996లో అడోబ్ కంపెనీ పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ అక్రోబాట్ 3తో వచ్చింది, నేటికీ అన్నిచోట్లా నడుస్తోంది. రెండోది ఎక్స్‌ఎఫ్‌ఏ. 2003లో పీడీఎఫ్ 1.5తో వచ్చింది. దీన్ని లైవ్‌సైకిల్ డిజైనర్‌లో చేసేవారు. అక్రోబాట్ ప్రో పదో వెర్షన్ దాకా ఆ డిజైనర్ కూడా కలిసి వచ్చేది, పదకొండు నుంచి విడిపోయింది. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణంలో ఎక్స్‌ఎఫ్‌ఏకి కాలం చెల్లిందని తేల్చేశారు.

ఎక్స్‌ఎఫ్‌ఏ రకాన్ని గుర్తుపట్టడం తేలికే. అక్రోబాట్‌లో ప్రిపేర్ ఫారం నొక్కితే "ఇది ఇక్కడ ఎడిట్ కాదు" అంటుంది. చాలా బ్రౌజర్లలో, ఫోన్లలో ఫారానికి బదులు "ప్లీజ్ వెయిట్" అన్న ఒక్క పేజీ వచ్చి అక్కడే ఆగిపోతుంది. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఈ-ఫారాలు మన ఆడిటర్లు ఏళ్ల తరబడి ఈ రకం పీడీఎఫ్‌లలోనే నింపారు. ఆ శాఖ కొత్త పోర్టల్ ఎంసీఏ వీ3 వచ్చాక అవి వెబ్ ఫారాలయ్యాయి.

మార్పు మొదలుపెట్టే ముందు ఏమేం దాచిపెట్టుకోవాలి?

జనంలోకి వెళ్లిన చివరి పీడీఎఫ్, సోర్స్ ఫైలుతో పాటు అందులో వాడిన ఫాంట్లు, ఒక నింపిన ఫారం తాలూకు డేటా ఫైలు, ఫీల్డ్‌ల చిట్టా. మొదటి మూడూ కాపీ చేసుకుంటే సరిపోతుంది. చిట్టా మాత్రం కూర్చుని రాయాలి.

దానికో సులువు దారి ఉంది. పాత ఫారంలో ప్రతి గడీ ఏదో ఒకటి నింపి, అక్రోబాట్‌లో ఫారం డేటాను టెక్స్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి. దాన్ని ఎక్సెల్‌లో తెరిస్తే మొదటి వరుసలో ఫీల్డ్ పేర్లు, రెండో వరుసలో మీరు నింపినవి వస్తాయి. ఆ పేర్లను నిలువుగా తిప్పి, ఒక్కోదాని పక్కన వివరాలు రాయండి. నా చిట్టాలో ఒక వరుస ఇలా ఉంటుంది: పిన్‌కోడ్, టెక్స్ట్, 6 అంకెలు, తప్పనిసరి, నంబర్ ఫార్మాట్ వద్దు, 2వ పేజీ, అకౌంట్స్ షీటులో 'హెచ్' కాలమ్‌కు వెళ్తుంది. ఆ ఆఖరి ముక్క ఎవరూ రాయరు. ఈ ఫీల్డ్ చివరికి ఎక్కడికి చేరుతుందో తెలియకపోతే, దాని పేరు మారిస్తే ఎవరికి దెబ్బ తగులుతుందో కూడా తెలియదు.

సోర్స్ ఫైలు పోయింది, పీడీఎఫ్ ఒక్కటే ఉంది. మొదటి నుంచి చేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఫీల్డ్‌లు ఉండేది పీడీఎఫ్‌లోనే కాబట్టి అసలైనది మీ చేతిలోనే ఉంది. ఒకటి రెండు మాటలు మార్చాలంటే అక్రోబాట్‌లోనే మార్చండి. డిజైన్ మొత్తం మార్చాలంటే పాత పేజీని కొత్త సాఫ్ట్‌వేర్‌లో అడుగున బొమ్మలా పెట్టి, దాని మీదే కొలతలు తప్పకుండా గీయండి.

పేజ్‌మేకర్ ఫైళ్లు ఇన్‌డిజైన్‌లో తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

పేజ్‌మేకర్ 6 ఆపైన ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెరవగలిగేది. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ సదుపాయం లేదు. తెలిసినవాళ్ల పాత కంప్యూటర్‌లో సీఎస్6 ఉంటే అందులో తెరిచి, ఐడీఎంఎల్‌గా (ఇన్‌డిజైన్ వేరే వెర్షన్లలోనూ తెరుచుకునే ఫైలు రకం) సేవ్ చేయించుకోండి. అది ఇప్పటి ఇన్‌డిజైన్‌లో తెరుచుకుంటుంది. అదీ దొరకకపోతే, పేజ్‌మేకర్ నడిచే మిషన్ నుంచి పీడీఎఫ్ తీసుకుని కొత్తగా గీయడమే. ఒకట్రెండు పేజీల ఫారానికి కొత్తగా గీయడమే మేలని నా అనుభవం.

## మార్చేటప్పుడు

ఫీల్డ్‌లు ఇన్‌డిజైన్‌లోనే పెట్టాలా, అక్రోబాట్‌లో పెట్టాలా?

2012లో సీఎస్6 నుంచి ఇన్‌డిజైన్‌లో బటన్స్ అండ్ ఫారమ్స్ ప్యానెల్ ఉంది. టెక్స్ట్ ఫీల్డ్, చెక్ బాక్స్, రేడియో బటన్, కాంబో బాక్స్, లిస్ట్ బాక్స్, సంతకం ఫీల్డ్ పెట్టి, అడోబ్ పీడీఎఫ్ ఇంటరాక్టివ్ అని ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. అయితే తేదీ రూపం, లెక్కలు, తప్పు నింపితే హెచ్చరించడం లాంటివి అందులో కుదరవు. అవి అక్రోబాట్‌లో చేర్చాలి. మళ్లీ ఇన్‌డిజైన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే చేర్చినవన్నీ పోతాయి.

పేరు, ఊరు, టిక్కు తప్ప ఇంకేమీ లేని ఫారం అయితే ఇన్‌డిజైన్‌లోనే ముగించండి. మొత్తాలు కూడటం, తేదీలు సరిచూడటం ఉంటే పేజీని మాత్రం డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఫీల్డ్‌లన్నీ అక్రోబాట్‌లో పెట్టండి. రేపు ఇన్‌డిజైన్ వదిలి ఇంకోదానికి వెళ్లినా ఫీల్డ్‌లకు ఏమీ కాదు.

డిజైన్‌లో చిన్న మార్పు చేసిన ప్రతిసారీ ఫీల్డ్‌లన్నీ మళ్లీ పెట్టాల్సి వస్తోంది. దీనికి దారి లేదా?

ఉంది. నాకు ఇది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది, అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను. అక్రోబాట్‌లో ఆర్గనైజ్ పేజెస్‌లోకి వెళ్తే రీప్లేస్ అని ఉంటుంది. పాత ఫారం తెరిచి, పేజీని కొత్త డిజైన్ పేజీతో రీప్లేస్ చేస్తే అక్షరాలు, బొమ్మలు, గీతలు మారతాయి. పాత పేజీ మీదున్న ఫీల్డ్‌లు, వాటి పేర్లు, స్క్రిప్టులు ఎక్కడివక్కడే ఉంటాయి. పాత చీరకు కొత్త బార్డరు కుట్టినట్టు కాదు, జరీ బార్డరు అలాగే ఉంచి చీర మార్చినట్టు.

మూడు జాగ్రత్తలు. కొత్త పేజీ కొలత పాతదానితో సరిపోవాలి. ఏ4 బదులు లెటర్ సైజులో వస్తే ఫీల్డ్‌లన్నీ గళ్లు తప్పుతాయి. కొత్త పీడీఎఫ్‌లో మీరు వేరుగా ఫీల్డ్‌లు పెట్టి ఉంటే అవి రావు, పాతవే ఉంటాయి. ఒక గడి కిందికి జరిగితే ఆ ఒక్క ఫీల్డ్‌ను చేత్తో జరుపుకోవాలి. ఇన్సర్ట్, డిలీట్ చేస్తే ఈ పని జరగదు. డిలీట్ చేసిన పేజీతో పాటే దాని ఫీల్డ్‌లు పోతాయి.

ప్రిపేర్ ఫారం నొక్కితే ఫీల్డ్‌లు వాటంతటవే వస్తున్నాయి కదా, చిట్టా ఎందుకు?

వస్తాయి. వాటి పేర్లే సమస్య. అక్రోబాట్ పక్కనున్న అక్షరాలు చదివి పేరు పెడుతుంది. చదవలేకపోతే ఏదో ఒక వరుస నంబరు ఇస్తుంది. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ ఒప్పుకున్న సంకేతం) కాని తెలుగు ఫాంటుతో చేసిన పేజీలో "పేరు" అన్నది దానికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపిస్తుంది.

ఒక స్కూలు అడ్మిషన్ ఫారం విషయంలో నేను ఈ తప్పు చేశాను. కొత్త డిజైన్ మీద ఫీల్డ్‌లు ఆటోమేటిక్‌గా తెప్పించి పంపేశాను. వాటి పేర్లు టెక్స్ట్ 1, టెక్స్ట్ 2 అంటూ వరుస నంబర్లు. పాత ఫారంలోనూ అలాంటి పేర్లే. కానీ కొత్త డిజైన్‌లో తల్లి పేరు గడి తండ్రి పేరు కన్నా పైకి వచ్చింది. ఆఫీసులో డేటా దించుకున్నప్పుడు ఏ ఎర్రరూ రాలేదు. తల్లి పేర్లన్నీ తండ్రి కాలమ్‌లోకి, తండ్రి పేర్లన్నీ తల్లి కాలమ్‌లోకి వెళ్లాయి. గుర్తింపు కార్డులు అచ్చయ్యాక ఒక తల్లి చూసి చెప్పింది. ఆ రోజు నుంచి ఆటోమేటిక్‌గా వచ్చిన ఏ పేరునూ నేను అలాగే వదిలిపెట్టలేదు.

ఎక్స్‌ఎఫ్‌ఏ ఫారాన్ని మామూలు ఫారంగా మార్చడం ఎలా?

అది స్టాటిక్ రకమా, డైనమిక్ రకమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టాటిక్ (పేజీ రూపం మారనిది) అయితే లోపల అక్రోఫారం ఫీల్డ్‌లు కూడా జంటగా ఉంటాయి. పీడీఎఫ్‌తో పనిచేసే ప్రోగ్రామింగ్ లైబ్రరీలతో ఎక్స్‌ఎఫ్‌ఏ భాగాన్ని తీసేస్తే ఆ ఫీల్డ్‌లు, పేర్లు మిగులుతాయి. ఎక్స్‌ఎఫ్‌ఏ స్క్రిప్టులు పోతాయి, లెక్కలు మళ్లీ రాసుకోవాలి.

"ఇంకో వరుస చేర్చు" నొక్కితే పెరిగే డైనమిక్ ఫారానికి అడ్డదారి లేదు. దాన్ని ప్రింట్ చేసి పీడీఎఫ్ తీసి, ఫీల్డ్‌లు కొత్తగా పెట్టాలి. పెరిగే వరుసలు అక్రోఫారంలో ఉండవు కాబట్టి కుటుంబ సభ్యుల పట్టికలాంటి చోట ఎనిమిదో పదో వరుసలు ముందే ఇచ్చేయండి.

వర్డ్‌లో గడులు పెట్టి పీడీఎఫ్ చేశాను, నింపడానికి రావడం లేదు. ఎందుకు?

వర్డ్ తన ఫారం గడులను పీడీఎఫ్ ఫీల్డ్‌లుగా మార్చదు, ఉత్త అక్షరాలుగా అచ్చువేస్తుంది. లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఫారం కంట్రోళ్లు పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్రియేట్ పీడీఎఫ్ ఫారం దగ్గర టిక్ పెడితే నింపదగిన ఫారమే వస్తుంది.

అడోబ్ చందా కట్టే స్తోమత లేదు. పూర్తిగా ఉచితంగా చేయవచ్చా?

చేయవచ్చు. పెద్దగా డిజైన్ లేని ఫారానికి లిబ్రేఆఫీస్ చాలు. డిజైన్ ముఖ్యమైతే ఉచిత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్. అందులో టెక్స్ట్ ఫీల్డ్, చెక్ బాక్స్, కాంబో బాక్స్‌లకు తోడు లెక్కలు చేసే జావాస్క్రిప్ట్ కూడా పెట్టుకోవచ్చు. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు విడిపోయేవి. 1.6 వాడండి, అందులో తెలుగు సరిగా కలుస్తుంది. ఇన్‌డిజైన్ నుంచి ఐడీఎంఎల్ తీసుకుని స్క్రైబస్‌లోకి తెచ్చుకోవచ్చు కానీ గీతలు, అక్షరాలు వస్తాయనే అనుకోండి. ఫీల్డ్‌లు చిట్టా చూసుకుంటూ మళ్లీ పెట్టుకోవాలి. ఎఫినిటీ పబ్లిషర్ 2కి మారాలనుకునేవాళ్లకు ఒక మాట: పేజీ అందంగా వస్తుంది, ఫారం ఫీల్డ్‌లు పెట్టే వీలు అందులో లేదు.

## తెలుగు అక్షరాల సంగతి

అను ఫాంట్లతో చేసిన పాత ఫారం యూనికోడ్‌లోకి మార్చాలా?

మార్చండి, సాఫ్ట్‌వేర్ మారే సమయమే దానికి తగిన సమయం. అను లాంటి పాత ఫాంట్లలో కనిపించేది తెలుగు, లోపల ఉండేది వేరే గుర్తులు. ఆ ఫారంలో వెతికితే ఏదీ దొరకదు, చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవలేదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. కన్వర్టర్‌తో మార్చాక ప్రూఫ్ తప్పకుండా చూడాలి. అరసున్నలు, ఒత్తులు, అంకెల పక్క గీతలు తరచుగా దెబ్బతింటాయి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చకపోతే సరైన యూనికోడ్ కూడా ఒత్తులు విడిపోయి కనిపిస్తుంది. "నా ఫాంట్ పాడైంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది ఆ ఒక్క సెట్టింగే.

ఫీల్డ్‌లో తెలుగు టైప్ చేస్తే పెట్టెలు వస్తున్నాయి, లేదా ఒత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?

పెట్టెలు వస్తే ఫీల్డ్‌కు ఇచ్చిన ఫాంటులో తెలుగు లేదని అర్థం. మామూలుగా హెల్వెటికా ఉంటుంది. ఫీల్డ్ ప్రాపర్టీస్‌లో అపియరెన్స్ కింద నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి యూనికోడ్ ఫాంటు ఇవ్వండి. రూపాయి గుర్తు కనిపించకపోయినా కారణం సాధారణంగా అదే.

ఒత్తులు విడిపోతే అది పీడీఎఫ్ తెరిచే యాప్ బలహీనత. ఫాంటు మార్చినా ఒక్కోసారి పోదు. "క్షేత్రం", "స్త్రీ", "కృష్ణ" అన్న మూడు మాటలు మీ దరఖాస్తుదారులు వాడే యాప్‌లన్నిటిలో టైప్ చేసి చూడండి. ఒక్కచోట విడిపోయినా ఆ ఫీల్డ్‌ను ఇంగ్లీషులో నింపమని ఫారం మీదే రాయడం నిజాయితీ. లేబుళ్లు తెలుగులో ఉంచండి, వాటికి ఏ ఇబ్బందీ లేదు.

పేరుకు 20 అక్షరాలు ఇచ్చాను, తెలుగులో పేరు సగంలోనే ఆగిపోతోంది. ఎందుకు?

మనం లెక్కపెట్టే అక్షరం వేరు, కంప్యూటర్ లెక్కపెట్టేది వేరు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి 6. "శ్రీనివాస్" నాలుగక్షరాల పేరు, లోపల 10. తెలుగులో నింపే ఫీల్డ్‌కు హద్దు తీసేయండి, లేదా మూడింతలు ఇవ్వండి. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఉండే కోంబ్ ఫీల్డ్ తెలుగుకు అసలు పనికిరాదు. దాన్ని ఆధార్‌కు 12, పాన్‌కు 10, ఐఎఫ్‌ఎస్‌సీకి 11, పిన్‌కోడ్‌కు 6 గడులుగా వాడుకోండి.

ఫీల్డ్ పేర్లు కూడా తెలుగులో పెట్టవచ్చా?

లోపలి పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఖాళీలు లేకుండా పెట్టండి. డేటా దించుకునే సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుగు పేర్లు చూసి తడబడతాయి. టూల్‌టిప్ మాత్రం తెలుగులో నిండుగా రాయండి. మౌస్ పెడితే కనిపించేది, స్క్రీన్ రీడర్ పైకి చదివేది అదే.

## పంపే ముందు పరీక్ష

మార్చిన ఫారం సరిగా ఉందని ఎలా తేల్చుకోవాలి?

పాత ఫారం నుంచి తీసిన డేటా ఫైలును కొత్త ఫారంలోకి ఇంపోర్ట్ చేయండి. ప్రతి గడీ నిండితే పేర్లు నిలిచినట్టు. ఖాళీగా మిగిలిన గడి పేరు మారినట్టు. నింపేటప్పుడు "తండ్రిపేరు", "తల్లిపేరు" అని ఏ గడిలో ఆ గడి పేరే రాస్తే తారుమారైనవి కూడా కంటపడతాయి. తర్వాత మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కొడుతూ చివరిదాకా వెళ్లండి. కర్సర్ ఎడాపెడా దూకితే ట్యాబ్ ఆర్డర్ సరిచేయాలి.

టిక్కులన్నీ కనిపిస్తున్నాయి, డేటా షీటులో మాత్రం రావడం లేదు. కారణం?

టిక్కుకు లోపల ఒక విలువ ఉంటుంది. అక్రోబాట్ మామూలుగా "యెస్" అని పెడుతుంది, వేరే సాఫ్ట్‌వేర్ "ఆన్" అనో "1" అనో పెట్టవచ్చు. అవతలి షీటు "యెస్" కోసం చూస్తుంటే "ఆన్" దానికి ఖాళీతో సమానం. ఎక్స్‌పోర్ట్ వాల్యూ పాతదే ఉండేలా మార్చండి.

ఖాతా నంబరు ముందు సున్నాలు పోతున్నాయి, మొత్తాల్లో కామాలు తప్పు వస్తున్నాయి. ఎలా సరిచేయాలి?

ఖాతా నంబరు, ఫోన్, ఆధార్ కూడికలకు వాడేవి కావు. ఆ ఫీల్డ్‌లకు ఫార్మాట్ "నన్" అని ఉంచండి. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు కూడా ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పాలి.

కామాలది వేరే కథ. అక్రోబాట్ నంబర్ ఫార్మాట్‌లో మన లక్షల పద్ధతి లేదు. 12,34,567 అని రావాల్సింది 1,234,567 అని వస్తుంది. కస్టమ్ స్క్రిప్టు రాయాలి, లేదంటే కామాలు తీసేయాలి. రుణ దరఖాస్తుల్లో నేను కామాలు తీసేసి, కింద "అక్షరాలలో" అని ఇంకో గడి ఇస్తాను. పెద్దవాళ్లకు అదే అలవాటు.

కంప్యూటర్‌లో మొత్తం దానంతటదే వస్తోంది, ఫోన్‌లో రావడం లేదు. ఫారం పాడైందా?

పాడవలేదు. లెక్కలు జావాస్క్రిప్ట్‌తో నడుస్తాయి, ఫోన్లలో పీడీఎఫ్ చూపించే యాప్‌లు చాలావరకు దాన్ని నడపవు. మొత్తం గడిని రీడ్ ఓన్లీ (చూడటానికే, మార్చడానికి కాదు) చేస్తే ఫోన్‌లో నింపేవాళ్లు ఇరుక్కుపోతారు. చేత్తో నింపడానికి వదిలి, ఆఫీసులో సరిచూసుకోండి.

చిన్న దిద్దుబాటు చేశాక అడోబ్ రీడర్‌లో "ఎక్స్‌టెండెడ్ ఫీచర్స్ ఇక పనిచేయవు" అంటోంది. ఎందుకు?

పాత రీడర్లలో సేవ్ అవడానికి ఆ ఫారానికి ప్రత్యేక హక్కులు చేర్చారు. ఆ తర్వాత ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌తో మార్చితే ఆ ముద్ర చెదిరిపోతుంది. అక్రోబాట్‌లో సేవ్ ఎ కాపీ చేసి, ఆ కాపీలో దిద్దండి. రీడర్ 11 నుంచి మామూలు ఫారాలు ఆ హక్కులు లేకుండానే సేవ్ అవుతున్నాయి కాబట్టి మళ్లీ చేర్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

## పంచిన తర్వాత

కొత్త ఫారం పెట్టినా పాతవే నింపి పంపుతున్నారు. ఏం చేయాలి?

వాట్సాప్‌లో ఒకసారి తిరిగిన ఫారం ఏళ్లపాటు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఆపలేం. పేజీ అడుగున నెల, సంవత్సరం అచ్చువేయండి. దాంతోపాటు కనిపించని రీడ్ ఓన్లీ ఫీల్డ్ ఒకటి పెట్టి అందులో వెర్షన్ నంబరు ఉంచండి. డేటాతో పాటు అదీ వస్తుంది, ఏ దరఖాస్తు ఏ వెర్షన్‌దో షీటులోనే తెలుస్తుంది. పాతవాటిని తిప్పి పంపకండి. ఫీల్డ్ పేర్లు మార్చకుండా ఉంటే అవీ అదే షీటులో చేరతాయి. ముప్పై కిలోమీటర్లు వచ్చి ఫారం ఇచ్చిన రైతును మళ్లీ రమ్మనడం మన డిజైన్ మార్పుకు తగిన ధర కాదు.

ఒక గడి ఇక అవసరం లేదు. తీసేయవచ్చా?

పేజీ మీద నుంచి తీసేయండి, ఫీల్డ్‌ను హిడెన్ చేసి ఉంచండి. పూర్తిగా తీసేసినా, ఆ పేరును ఇంకో గడికి మాత్రం ఎప్పటికీ వాడకండి. పాత "ఫోన్2" అంటే ఇంటి నంబరు, కొత్త "ఫోన్2" అంటే వాట్సాప్ నంబరు అయితే రెండేళ్ల డేటా కలిసిపోయి విడదీయలేనిదవుతుంది.

అదే ఫారాన్ని ప్రెస్‌కు కూడా పంపవచ్చా?

నింపే పీడీఎఫ్‌ను పంపకండి. ఇన్‌డిజైన్ ఇంటరాక్టివ్ ఎక్స్‌పోర్ట్ ఆర్‌జీబీ రంగుల్లో, అంటే తెర మీద చూసేందుకు వాడే రంగుల్లో, వస్తుంది. అదే డిజైన్ నుంచి ప్రింట్ పీడీఎఫ్ విడిగా తీయండి.

ఫారం చేసిన ఆపరేటర్ మానేశారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏమివ్వాలి?

ఒకే ఫోల్డర్‌లో ప్రస్తుత ఫారం, సోర్స్ ఫైలు, ఫాంట్లు, ఫీల్డ్ చిట్టా, ప్రతి గడీ నింపిన ఒక నమూనా డేటా ఫైలు. ఫారానికి పాస్‌వర్డ్ పెట్టి ఉంటే అది కూడా కాగితం మీద రాసి బీరువాలో పెట్టించండి. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఊరు మారిపోయి, బాగున్న ఫారాన్ని మొదటి నుంచి చేసిన ఆఫీసులు నాకు రెండు తెలుసు.